ముప్పై ఒక్క బొమ్మలు

జగ్గయ్యపేట,
12-7-1958

కుటుంబరావు మాస్టారికి నమస్కారాలు.

మీరు బదిలీ మీద నందిగామ వెళ్ళి నెల దాటింది. ముందు మీరే రాస్తారని పంతం పట్టి కూర్చున్నాను. ఓడిపోయాను.

ఇక్కడ మన పఠనమందిరం ఎప్పటిలాగే సాగుతోంది. ఆరు గంటల దాకా పేపరు చదివేవాళ్ళు, మిర్చి ధరలు చూసుకునే కొట్లవాళ్ళు వచ్చి పోతుంటారు. ఆ తరవాత ఎనిమిదింటికి తలుపులు వేసేదాకా ఆరేళ్ళపాటు మనిద్దరమే కదా ఉన్నాం. ఇప్పుడు నేనొక్కణ్ణే. చదువుతుంటే మంచి వాక్యం తగులుతుంది. తల ఎత్తి "మాస్టారూ, ఇది వినండి" అనబోతాను. ఎదురుగా బల్ల తప్ప ఏమీ ఉండదు. మొన్నొకసారి పైకి అననే అన్నాను. మూల నేలమీద కూచుని చిరిగిన పుస్తకాలకు జిగురు రాస్తున్న ఏలీయా "చెప్పండి పంతులుగారూ, నేను వింటా" అన్నాడు. చదివి వినిపించాను. "బాగుందండి. మాస్టారైతే ఇంకా ఏదో అడిగేవోరు" అన్నాడు. పదకొండేళ్ళుగా ఈ గది ఊడ్చి, బైండింగు చేసి, పుస్తకాలను బతికిస్తున్న మనిషి. మన మాటలన్నీ చెవిన వేసుకుంటూనే ఉన్నాడన్నమాట.

బెజవాడ నుంచి కొత్త పుస్తకాలు పద్నాలుగు వచ్చాయి. అందులో అమరావతి శిల్పాల ఫొటోల పుస్తకం ఒకటి. ఒక్క రాతి పలక బొమ్మ ముందు ఇరవై నిమిషాలు కూర్చున్నాను. గుర్రం, మనుషులు, గుంపు. అంతకు మించి ఏమీ కనిపించలేదు. చదవడం నాకు మా నాన్న నేర్పాడు. చూడడం మీరు నేర్పారు. సగం నేర్పి వెళ్ళిపోయారు.

ఇంట్లో పుష్పవతమ్మగారికి ఎలా ఉంది? నా గురించి కొత్తగా చెప్పేదేముంది, ఒంటి మనిషిని. హోటలు భోజనం, అద్దె గది, ఈ బీరువాలు.

మీ
తిరుపతిరావు


నందిగామ,
27-7-1958

తిరుపతిరావు గారికి,

రాయకపోవడం నాదే తప్పు. కొత్త ఊళ్ళో కుదురుకోవడానికి ఇంత కాలం పట్టింది. అసలు కుదురుకున్నామో లేదో.

ఇక్కడి బళ్ళో డ్రాయింగు అంటే పిల్లలు కునుకు తీసే పీరియడు. నేనూ లేపడం మానేశాను. పుస్తకాల కోసం వెళితే రెండు బీరువాలు చూపించారు. ఒకదాని తాళంచెవి పోయిందట. ఎప్పుడు పోయిందయ్యా అంటే, నేను చేరక ముందేనండి అన్నాడు అక్కడి మనిషి. ఆయన చేరి తొమ్మిదేళ్ళయింది.

పుష్పవతి అలాగే ఉంది. పక్షవాతం వచ్చి ఈ శ్రావణానికి మూడేళ్ళు నిండుతాయి. ఒకప్పుడు మీ దగ్గర తెచ్చిన నవల పొద్దున చేతికిస్తే దీపాలవేళకు ముగించి, రెండోది ఏదీ అనేది. ఇప్పుడు కళ్ళు బాగానే ఉన్నాయి గానీ, అక్షరాలు కూడబలుక్కోవడం పోయింది. మాట్లాడేది రోజుకి నాలుగైదు మాటలు. బొమ్మ ఎదురుగా పెడితే మాత్రం గంటల తరబడి చూస్తుంది. నేనే ఏవో గీసి పెడుతుంటాను.

ఆ శిల్పాల పుస్తకం పంపమని అడగను. బొమ్మల పుస్తకాలు గది దాటకూడదనే రూలు మీరు నాకు మూడుసార్లు చెప్పారు. ఆ పలక మీద ఏముందో రాయండి, చదివి వినిపిస్తాను. గుర్రాన్ని వదిలెయ్యండి. అంత గుంపులోనూ ఒక్క మనిషి ఎటో వేరేవైపు చూస్తూ ఉంటాడు. వాణ్ణి వెతకండి. బొమ్మ చెక్కినవాడు మనకోసం వదిలిన తలుపు అదే.

సాయంత్రం ఆరయితే నా కాళ్ళు ఇంట్లో నిలవడం లేదు. రోడ్డు మీదికి వెళ్ళి హైదరాబాదు లారీలు చూసి వస్తున్నాను.

కుటుంబరావు


జగ్గయ్యపేట,
14-10-1958

మాస్టారూ,

వేరేవైపు చూసే మనిషి దొరికాడని ఆగస్టులో మొదలుపెట్టిన ఉత్తరం ఇంకా నా సొరుగులోనే ఉంది. ఇది అది కాదు.

దసరాకి ముందు పుస్తకాల తనిఖీ చేశాం. పాత మాసపత్రికల బైండు సంపుటాలు మీకు తెలుసు. ఎన్ని సాయంత్రాలు వాటి ముందు కూర్చోలేదు మనం. నెలకొక మూడు రంగుల బొమ్మ, దాని మీద కప్పిన పల్చటి కాగితం. ఆ పల్చటి కాగితాలు ఎక్కడివక్కడ ఉన్నాయి. కింద బొమ్మలు లేవు. మూడుసార్లు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.

చింపినవి కావు. స్కేలు పెట్టి, కుట్టు వదులు కాకుండా వేలెడు అంచు విడిచి, బ్లేడుతోనో కత్తితోనో కోశారు. దొంగతనంలో కూడా పుస్తకాన్ని నొప్పించకుండా కోశారు.

ఆదివారం కమిటీ కూర్చుంది. అధ్యక్షులు జగన్నాథరావు గారు ఒకే మాటన్నారు: "కత్తి ఎవడి చేతిలో ఉందో వాడే కోశాడు. దీనికింత పంచాయితీ ఎందుకు?" ఏలీయాని పిలిచి మధ్యలో నిలబెట్టారు.

"కత్తి నాదేనండి. కోత నాది కాదండి" అన్నాడు ఏలీయా.

"బొమ్మలు ఎవరికి అమ్మావ్?"

"నాకు తెల్దండి."

అరగంటలో అయిపోయింది. పనిలోంచి తీసేశారు. పదకొండేళ్ళు, అరగంట.

మీ చెయ్యి, మీ కన్ను ఇలాంటివి తెలిసినవి. ఒక్కసారి వచ్చి ఈ కోత చూడండి. ఏ ఆదివారమైనా సరే. గంట ప్రయాణం.

తిరుపతిరావు


నందిగామ,
20-10-1958

తిరుపతిరావు గారికి,

మీ ఉత్తరం అందింది. పుష్పవతికి జ్వరం. కదిలే వీలు లేదు.

ఏలీయా అలాంటివాడు కాడు. అధ్యక్షుల వారికి మీరు నచ్చచెప్పి చూడండి. పోయిన బొమ్మలు ఎలాగూ పోయాయి. ముప్పై ఏళ్ళనాటి కాగితాలు, ఎన్నాళ్ళుంటాయి? మీరు మనసు పాడుచేసుకోకండి.

సెలవు.

కుటుంబరావు


జగ్గయ్యపేట,
16-11-1958

మాస్టారూ,

"ఎన్నాళ్ళుంటాయి" అని రాశారు. ఆ మాట మీ చేతి రాతలో చూసి కాసేపు నమ్మలేకపోయాను.

నిన్న సాయంత్రం ఏలీయా వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. బైండింగు కత్తి గుడ్డలో చుట్టి తెచ్చాడు. "ఇది లైబ్రరీ సామానండి. ఒప్పచెప్పకుండా పోతే అదొకటి అంటారు" అన్నాడు. పెళ్ళాం పిల్లల్ని తీసుకుని వత్సవాయి వెళ్ళిపోతున్నాడట, వాళ్ళ అత్తగారి ఊరు. కోతలకు కూలికి పోతాడట.

"నీ మీద నాకు అనుమానం లేదయ్యా" అన్నాను.

"ఆ మాట ఆ రోజు అన్లేదేంటండి?" అన్నాడు.

కోపంగా అనలేదు. తెలియక అడిగినట్టు అడిగాడు. కత్తి తీసుకుని రిజిస్టరులో రాసుకున్నాను. అది తప్ప ఇంకేమి చేయాలో తోచలేదు.

ఇప్పుడు గది నేనే ఊడుస్తున్నాను. మైదాపిండిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి జిగురు కాయబోయి మాడ్చాను. ఆ వాసనకి పేపరు చదివేవాళ్ళు కూడా తొందరగా లేచిపోయారు. ఎనిమిది దాకా ఒంటరిగా కూర్చుని తలుపులేశాను. మీ దగ్గరనుంచి నెల రోజులుగా ఒక్క ముక్క లేదు. పుష్పవతమ్మగారి జ్వరం తగ్గిందా? అదైనా రాయండి.

తిరుపతిరావు


నందిగామ,
6-12-1958

తిరుపతిరావు గారికి,

పుష్పవతి పోయింది. కార్తీక శుద్ధ ఏకాదశి నాడు, మధ్యాహ్నం పూట. మీకు కబురు పెట్టలేదు. మీ ముఖం చూడలేక పెట్టలేదు. పన్నెండో రోజు కూడా అయింది. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ బొమ్మలు కోసింది నేను.

రోజూ ఆరున్నరకి మీరు కాఫీ హోటలుకి వెళ్ళేవారు. తాళాలు బల్లమీద, నా ఎదురుగానే వదిలి వెళ్ళేవారు. ఏలీయా వెనక వసారాలో జిగురు కాచుకుంటూ ఉండేవాడు. నాకు ఆ పావుగంట చాలు. నెలకొకటి. మీరు తిరిగి వచ్చేసరికి బొమ్మ నా డ్రాయింగు కాగితాల మధ్య ఉండేది. మీరు కూర్చుని, "ఏదీ, ఎక్కడ ఆగాం" అనేవారు. నేను ఎక్కడ ఆగామో చెప్పేవాణ్ణి.

మొదటిసారి కోయడానికి ముందు మిమ్మల్ని అడిగాను. ఒక్క వారం ఇవ్వండి, ఇంట్లో చూపించి తెస్తానన్నాను. మీరు రూలు చూపించారు. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు ఇది రాయడం. రూలు అందరికీ ఒకటే అన్నారు, నిజమే అన్నారు.

ఆమె అప్పటికి నాలుగు నెలలుగా నోరు విప్పలేదు. గోడకేసి చూస్తూ పడుకునేది. నేను గీసిన బొమ్మలు పెట్టి చూశాను, కన్ను నిలవలేదు. నేనెంత చిత్రకారుణ్ణో ఆ కళ్ళే చెప్పాయి. అప్పుడు మీ సంపుటంలోంచి ఒకటి తెచ్చి మంచానికి ఎదురుగా పిన్నులు గుచ్చి పెట్టాను. నీలం చీర కట్టుకున్న మనిషి నీళ్ళ గట్టున నిలబడి వెనక్కి తిరిగి చూస్తూ ఉంటుందే, అది. పొద్దుటినుంచి చూసింది. దీపం పెట్టే వేళకి "ఎవరినో... పిలుస్తోంది" అంది. ఆ రెండు మాటలు విన్నాక నేనింక ఆగలేకపోయాను, తిరుపతిరావు గారూ.

"ఎవరిచ్చారు?" అని అడిగింది. మీరిచ్చారని చెప్పాను. అప్పటినుంచి కొత్త బొమ్మ పెట్టినప్పుడల్లా, స్వాధీనంలో ఉన్న ఎడమ చెయ్యి నుదుటి దాకా ఎత్తి మీకు దండం పెట్టేది. నేను గీసి పెడుతున్నానని మీకు రాసింది అబద్ధం.

మీ అక్టోబరు ఉత్తరం వచ్చినప్పుడు పక్కనే ఉంది. "పంతులు... ఏం రాశారు?" అంది. నిన్ను అడిగారన్నాను. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, మందులు ఆగుతాయి, అన్నిటికన్నా ముందు ఆ గోడ మీది బొమ్మలు దొంగవని ఆమెకు తెలుస్తుంది. ఏలీయా ముఖం కళ్ళముందు కట్టేది. కట్టినా ఊరుకున్నాను. ఇప్పుడు పోవడానికి నా దగ్గర ఏమీ లేదు కనక నిజం చెబుతున్నాను. దీన్ని ధైర్యం అనరు.

జగన్నాథరావు గారికి కూడా ఇదే టపాలో రాశాను. బొమ్మలు రిజిస్టరు పార్సెలులో వస్తాయి.

కుటుంబరావు


జగ్గయ్యపేట,
11-1-1959

శ్రీ కుటుంబరావు గారికి,
డ్రాయింగు మాస్టరు, నందిగామ.

తమరు పంపిన పార్సెలు అందినది. విప్పి లెక్కించగా ముప్పై వర్ణచిత్రములు ఉన్నవి. ముప్పై ఒకటవది లేదు. దాని విషయము తెలుపవలెను.

తమరి లేఖను కమిటీ చర్చించినది. తమరి కుటుంబ గౌరవమును, భార్యావియోగమును ఆలోచించి పాఠశాల వారికి ఫిర్యాదు చేయరాదని నిర్ణయించినారు. ఇకమీదట తమరు పఠనమందిరము గడప తొక్కరాదు. ఏలీయాను తిరిగి పనిలో చేరమని కబురు పంపగా రానన్నాడు. అతని విషయమున కుటుంబ గౌరవమును గూర్చి ఎవరూ ఆలోచించిన జ్ఞాపకము లేదు.

శ్రీమతి పుష్పవతమ్మగారి మరణమునకు చింతిల్లుచున్నాను.

తిరుపతిరావు,
లైబ్రేరియన్


నందిగామ,
26-1-1959

తిరుపతిరావు గారికి,

తమరు అని రాశారు. నాకు అదే తగును.

ముప్పై ఒకటోది ఆ నీలం చీర బొమ్మ. పార్సెలు కట్టేనాటికే అది నా దగ్గర లేదు. చితి మీద ఆమె గుండెలమీద పెట్టాను. దానికి ఏ శిక్ష వేసినా సరే.

నిన్న ఆదివారం వత్సవాయి వెళ్ళాను. ఏలీయా కళ్ళంలో ఉన్నాడు. నన్ను చూసి తలకు చుట్టిన తుండు తీయబోయి ఆగాడు. తీయలేదు. అంతా చెప్పాను.

"మీరని నాకు తెల్దండి" అన్నాడు. గడ్డి సర్దాడు. తరవాత, "మా ప్రేమకుమారి బడి మానేసిందండి. దొంగ కూతురంట. బల్లమీద పక్కన కూచోనియ్యలేదంట" అన్నాడు.

"క్షమించమని అడగటానికే వచ్చా, ఏలీయా."

"ఈ కళ్ళంలో అడిగితే ఎవరికి వినబడుద్దండి? నన్ను ఆ గదిలో అంతమంది ముందు నిలబెట్టారు. ఆ గదిలో చెప్పండి. నేనూ వస్తా. ఎనకాల నిలబడి వింటా."

వస్తానన్నాను. నాకు ఆ గడప తొక్కే హక్కు లేదు. ఈ ఒక్కసారికి కమిటీ చేత అనుమతి ఇప్పించండి. నా కోసం కాదు.

ఇల్లు ఖాళీగా ఉంది. ఆ గోడకి పిన్నులు గుచ్చిన చిల్లులు ఉన్నాయి. సున్నం వేయిస్తానని ఇంటివారు అన్నారు. ఇప్పుడే వద్దన్నాను.

కుటుంబరావు


జగ్గయ్యపేట,
17-2-1959

కుటుంబరావు గారూ,

ఎనిమిదో తేదీ ఆదివారం కమిటీ అనుమతి మీద మీరు వచ్చారు, అందరి ముందు చెప్పారు, ఏలీయా వైపు తిరిగి చేతులు జోడించారు. వెళ్ళేముందు నా వైపు చూశారు. నేను కిటికీలోంచి బజారు చూస్తూ కూర్చున్నాను. మీరు వెళ్ళాక జరిగింది మీకు తెలియాలి.

"సరే, అయిపోయింది, లేద్దాం" అన్నారు జగన్నాథరావు గారు. "ఇంకొకటి ఉందండి" అని నేను లేచాను.

ఆ కోత చూసిన పూటే నాకు తెలిసింది. అంత జాగ్రత్తగా, అంత ప్రేమగా కోసే చెయ్యి ఈ ఊళ్ళో ఇంకొకటి లేదు. పైగా తాళాలు నేను ఎవరి ముందు వదిలి వెళతానో నాకు తెలియదా? ఏలీయాని మధ్యలో నిలబెట్టినప్పుడు నోరు విప్పితే మీ పేరు చెప్పాలి. చెప్పలేదు. ఉత్తరం రాస్తే మీరే వచ్చి చెబుతారనుకున్నాను. వారం చూశాను, నెల చూశాను. మీరు ఒప్పుకుంటూ రాసిన రోజు నాకు కోపం వచ్చింది, నిజమే. కానీ ఆ కోపంలో ఒక సుఖం ఉంది. నా తప్పు కూడా మీ నెత్తినే వేసి హాయిగా కోప్పడవచ్చు. "తమరు" అని రాసింది ఆ సుఖమే.

ఇదంతా ఆ గదిలో చెప్పాను. ఏలీయా వెనక తలుపు దగ్గర ఉన్నాడు.

"మీకు తెలుసాండి?" అన్నాడు.

"తెలుసు."

"ఆయన కన్నా మీరే ఎక్కువ చేసారండి" అన్నాడు.

ఆ మాటకి కమిటీవాళ్ళు వాణ్ణి కసిరారు. కసరవద్దన్నాను. మార్చి నెలాఖరుదాకా ఉండి, ఆ తరవాత తాళాలు ఒప్పచెప్పమని నాతో అన్నారు. సరేనన్నాను. అందరూ వెళ్ళిపోయారు. ఏలీయా మాత్రం వెళ్ళలేదు. కాసేపు నిలబడి, కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు. పదకొండేళ్ళలో ఆ గదిలో కుర్చీమీద కూర్చోగా నేను చూడలేదు. "కూర్చో" అని ఎన్నడూ నేను అననూ లేదు.

"మెంబరు కాగితం ఇయ్యండి" అన్నాడు. ఇచ్చాను. తనే నింపాడు, సంతకం చేశాడు. కూతురు చదువుకోవడానికి ఒక కథల పుస్తకం అడిగాడు. బీరువా తీసి నాలుగు ముందు పెట్టాను. ఒక్కొక్కటీ తిప్పి, కుట్టు గట్టిగా ఉందో లేదో లాగి చూసి, ఒకటి తీసుకున్నాడు. ప్రేమకుమారి మర్నాడు సోమవారం నుంచి మళ్ళీ బడికి వెళుతుందన్నాడు. "పనికి మాత్రం రానండి" అన్నాడు. రమ్మని అడిగే ముఖం నాకూ లేదు. వెళ్ళేటప్పుడు నాకు నమస్కారం పెట్టలేదు.

మీ మీద కోపం పూర్తిగా పోలేదు. మీరు నా పక్కన కూర్చుని "ఎక్కడ ఆగామో" చెప్పిన ఆ సాయంత్రాలు ఒక్కొక్కటే గుర్తొచ్చి గుచ్చుకుంటున్నాయి. కానీ ఒక్క వారం ఇవ్వండి అని మీరు అడిగిన సాయంత్రం కూడా గుర్తొస్తోంది. నేను బీరువా తలుపుకి అంటించిన రూలు కాగితం వేలుపెట్టి చూపించాను. ఎందుకు కావాలని అడగనైనా అడగలేదు.

ఇద్దరం కలిసి ఒక మనిషికి అన్యాయం చేశాం. ఈ సంగతి చెప్పుకోవడానికి మీకు నేను, నాకు మీరు తప్ప ఇంకెవరూ లేరు. మీరు ఇక్కడికి రాకూడదు. కనక వచ్చే ఆదివారం పదిగంటల బస్సుకి నేనే వస్తున్నాను. పుష్పవతమ్మగారు పెట్టిన దండాలు నావి కావు. ఆ మాట ఆమె ఉన్న ఇంట్లో ఒకసారి పైకి అనాలి.

ఇంటి గుర్తులు రాయండి. బస్సు దగ్గరికి రావద్దు. అక్కడినుంచి ఇంటిదాకా మీతో ఏం మాట్లాడుతూ నడవాలో నాకు తెలియడం లేదు. గుమ్మంలో ఉండండి, చాలు.

తిరుపతిరావు